ఓపియాయిడ్ వ్యసనానికి మందులు: మొదలుపెట్టే రోజు, మానేసే రోజు

వరంగల్, హనుమకొండ ప్రాంతంలో మత్తు పదార్థాల ప్రస్తావన వస్తే అందరికీ ముందుగా గంజాయి గుర్తుకొస్తుంది. ఆంధ్రా–ఒడిశా సరిహద్దు నుంచి భద్రాచలం మీదుగా వచ్చే గంజాయి ప్యాకెట్లు, కాజీపేట స్టేషన్లో రైలు పెట్టెల తనిఖీలు జిల్లా పేజీల్లో తరచూ కనిపించే వార్తలే. ఉత్తర తెలంగాణలో ఆ తరువాత వినిపించే మాట కల్తీ కల్లు. ఈ రెండింటి నడుమ ఓపియాయిడ్ల గురించి, అంటే నల్లమందులా పనిచేసే హెరాయిన్, మార్ఫిన్, కొడీన్, ట్రమడాల్, పెంటాజోసిన్ వంటి వాటి గురించి మాట్లాడేవారు తక్కువ. వీటిలో చాలా భాగం మత్తు పదార్థంగా కాక మందుగానే ఇంట్లోకి రావడం అందుకు ఒక కారణం. నడుము నొప్పికి రాసిన ట్రమడాల్ మాత్ర, దగ్గు తగ్గని రోజున కొన్న కొడీన్ సిరప్, ఆపరేషన్ తరువాత వేసిన పెంటాజోసిన్ ఇంజెక్షన్ ఎవరికీ అనుమానం కలిగించవు. ఎనుమాముల మార్కెట్లో బస్తాలు మోసే హమాలీకైనా, రామగుండం దారిలో రాత్రంతా లారీ నడిపే డ్రైవరుకైనా అలాంటి మాత్ర ఒళ్ళు నొప్పిని తీసేయడంతో పాటు కాసేపు మనసును తేలిక చేస్తుంది. ఆ తేలికదనం కోసం రోజూ వేసుకుంటూ పోయిన మనిషికి కొన్ని నెలలు తిరిగేసరికి మాత్ర పడనిదే మంచం దిగలేని స్థితి వస్తుంది.

ఈ సమస్య పంజాబ్‌కో, ఈశాన్య రాష్ట్రాలకో పరిమితమని అనుకోవడం పొరపాటు. కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్ నిర్వహించి, 2019లో విడుదలైన జాతీయ సర్వే ప్రకారం దేశంలో 10 నుంచి 75 ఏళ్ళ వయసు వారిలో 2.06 శాతం మంది, అంటే సుమారు 2.26 కోట్ల మంది ఓపియాయిడ్లు వాడుతున్నారు. వారిలో సుమారు 77 లక్షల మందికి ఆ వాడకం చికిత్స అవసరమయ్యే స్థాయికి చేరింది. నొప్పి మందుల వంటి ఫార్మా ఓపియాయిడ్లు వాడేవారు 0.96 శాతం, హెరాయిన్ వాడేవారు 1.14 శాతం. హెరాయిన్ చేరని ఊళ్ళు చాలానే ఉండవచ్చు గానీ మందుల షాపు లేని మండల కేంద్రం ఉండదు. అదే సర్వేలో వైద్యావసరం లేకుండా నిద్ర మాత్రల వంటి మత్తు మందులు వాడేవారు 1.08 శాతం ఉన్నట్టు తేలింది. ఉత్తర తెలంగాణ విషయంలో ఈ చివరి అంకె మరింత జాగ్రత్తగా చూడవలసినది. కారణం కల్లు సంగతి దగ్గర చూద్దాం.

ఓపియాయిడ్ వ్యసనానికి చికిత్సలో ప్రధానంగా మూడు మందులున్నాయి: బ్యుప్రెనార్ఫిన్, మెథడోన్, నాల్‌ట్రెక్సోన్. వీటిలో మొదటి రెండింటినీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లోనే అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. అయినా కొడుకునో తమ్ముడినో వెంటబెట్టుకుని మానసిక వైద్య విభాగానికి వచ్చిన కుటుంబం నుంచి రెండు ప్రశ్నలు దాదాపు తప్పకుండా వస్తాయి. "మత్తు మాన్పియ్యమంటే ఇంకో మత్తు మందు ఇస్తుండ్రేంది సార్?" అనేది మొదటిది. "ఇంకెన్ని దినాలు మింగాలె?" అనేది రెండోది. మొదటి ప్రశ్నకు శాస్త్రం దగ్గర స్పష్టమైన జవాబుంది. రెండో ప్రశ్న చూడటానికి అమాయకంగా ఉంటుంది గానీ ప్రాణాల మీదకు తెచ్చేది అదే. ఈ మందుల వల్ల కలిగే ప్రమాదాల్లో పెద్దవి వాడుతున్న కాలమంతటా సమానంగా పరచుకుని ఉండవు. అవి మందు మొదలుపెట్టిన తొలి రోజుల దగ్గర, మానేసిన తరువాతి కొద్ది వారాల దగ్గర గుమికూడి ఉంటాయి. నడుమనున్న నెలలు, సంవత్సరాలు సాపేక్షంగా క్షేమమైనవి. కుటుంబం ఎంత తొందరగా మందు మాన్పించాలని చూస్తే, రోగిని అంత తొందరగా ఆ రెండో ప్రమాద స్థలానికి నెట్టినట్టవుతుంది.

మొదటి ప్రశ్నకు జవాబు తెలియాలంటే ఓపియాయిడ్ శరీరంలో చేసే పనిని చూడాలి. మెదడులో మ్యూ అనే పేరున్న గ్రాహకాలు, అంటే మందు అతుక్కుని పనిచేసే చోట్లు ఉంటాయి. నొప్పిని అణచడానికి శరీరం సొంతంగా తయారు చేసుకునే ఎండార్ఫిన్లు వాటికే అతుక్కుంటాయి. బయటి నుంచి వచ్చిన హెరాయిన్ వంటివి అదే చోటును ఎంతో బలంగా ఆక్రమిస్తాయి. కొంతకాలానికి మెదడు ఆ ధాటికి అలవాటు పడి తన స్పందన తగ్గించుకుంటుంది. అందువల్ల అదే హాయి కోసం మోతాదు పెంచుకుంటూ పోవాలి, మందు ఆగితే శరీరం తిరగబడుతుంది. ఆ స్థితినే విత్‌డ్రాయల్ అంటారు. హెరాయిన్ ప్రభావం నాలుగైదు గంటలకే దిగిపోతుంది కాబట్టి దానికి లోబడిన మనిషి రోజులో మూడు నాలుగుసార్లు మత్తుకూ బాధకూ మధ్య ఊగిసలాడుతుంటాడు. పనికి పోలేకపోవడం, అప్పులు, ఇంట్లో నగ మాయం కావడం వంటివన్నీ చాలా వరకు ఆ ఊగిసలాట నుంచి పుట్టేవే.

బ్యుప్రెనార్ఫిన్ ఈ ఊగిసలాటను ఆపుతుంది. అది అవే గ్రాహకాలకు అతుక్కుంటుంది, అదీ మిగతా ఓపియాయిడ్లకంటే గట్టిగా. కానీ వాటిని పూర్తిగా కాక పాక్షికంగానే పనిచేయిస్తుంది. దాని ప్రభావం ఒక రోజుకు పైగా నిలుస్తుంది కాబట్టి పొద్దున ఒకసారి వేసుకుంటే మరుసటి పొద్దు వరకు విత్‌డ్రాయల్ రాదు, యావ తగ్గుతుంది, తల తిమ్మిరెక్కించే మత్తూ ఉండదు. ఇంకో విశేషం, మోతాదు ఒక స్థాయి దాటాక ఎంత పెంచినా ఊపిరిని అణచే ప్రభావం అదే లెక్కన పెరగదు. హెరాయిన్ ఎక్కువై చనిపోయేవారు ఊపిరి మందగించే చనిపోతారు కాబట్టి ఈ ఒక్క గుణమే దీనిని మిగతా ఓపియాయిడ్ల నుంచి వేరు చేస్తుంది. రోజుకో మాత్రతో పనికి పోతూ, జీతం ఇంట్లో ఇస్తూ, పిల్లల ఫీజు కట్టుకుంటున్న మనిషిని ఇంకా మత్తులోనే ఉన్నాడనడం న్యాయం కాదు. అతని శరీరం మందు మీద ఆధారపడి ఉన్నమాట నిజం. షుగరు రోగి శరీరం ఇన్సులిన్ మీద ఆధారపడటాన్ని ఎవరూ వ్యసనం అనరు. వ్యసనమంటే హాని తెలిసీ ఆపుకోలేక వెంటపడటం, ఇక్కడ తగ్గుతున్నది అదే.

ప్రయోజనం విషయంలో ఆధారాలు బలంగా ఉన్నాయి. స్వీడన్‌లో 40 మంది హెరాయిన్ రోగుల మీద జరిగిన ఒక అధ్యయనం 2003లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. 20 మందికి ఏడాది పాటు రోజూ బ్యుప్రెనార్ఫిన్ ఇచ్చారు. తక్కిన 20 మందికి ఆరు రోజుల్లో మందు తగ్గించేసి, ఆ తరువాత మందు లేని ఉత్తుత్తి మాత్రలు ఇచ్చారు. కౌన్సెలింగ్ మాత్రం రెండు వర్గాలకూ ఒకేలా, గట్టిగానే అందింది. ఏడాది చివర చూస్తే మందు తీసుకున్నవారిలో నాలుగింట మూడు వంతుల మంది చికిత్సలో ఉన్నారు. రెండో వర్గంలో ఒక్కరూ మిగలలేదు. ఆ 20 మందిలో నలుగురు చనిపోయారు. మంచి మాటలూ గట్టి మనసూ ఉంటే చాలు, మందు ఎందుకని వాదించేవారు ఈ నలుగురి సంగతి తెలుసుకోవాలి. ఫ్రాన్స్ 1990ల నడుమ సాధారణ వైద్యులు కూడా బ్యుప్రెనార్ఫిన్ రాసేందుకు అనుమతించింది. 1995 నుంచి 1999 మధ్య అక్కడ ఓవర్‌డోస్ మరణాలు 79 శాతం తగ్గాయి. అనేక అధ్యయనాలను కలిపి 2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించిన సమీక్షలో, మెథడోన్ చికిత్సలో ఉన్న ప్రతి 1000 మందిలో ఏడాదికి 11.3 మరణాలు, చికిత్స వెలుపల 36.1 మరణాలు నమోదైనట్టు తేలింది. బ్యుప్రెనార్ఫిన్ విషయంలో అవి 4.3, 9.5. అదే సమీక్ష మరో విషయాన్నీ బయటపెట్టింది: మెథడోన్ మొదలుపెట్టిన తొలి నాలుగు వారాల్లోనూ, ఏ మందునైనా వదిలేసిన తరువాతి నాలుగు వారాల్లోనూ మరణాలు పెరుగుతున్నాయి.

మొదలుపెట్టే రోజు ఎలా ఉంటుందో కాస్త దగ్గరగా చూడటం అవసరం. బ్యుప్రెనార్ఫిన్ తొలి మాత్ర వేసేందుకు వచ్చే మనిషి ఆ ఉదయం బాధలో ఉండాలి. ఇది క్రూరంగా అనిపించినా చికిత్సలో కీలకమైన నియమం. హెరాయిన్ వంటి తక్కువసేపు పనిచేసే మత్తు తీసుకుని కనీసం 12 గంటలు గడిచి ఉండాలి. మెథడోన్ వంటి వాటికైతే 24 గంటలు కూడా చాలవు. డాక్టరు ముందు కూర్చున్నప్పుడు ఆవలింత మీద ఆవలింత వస్తుంటుంది, ముక్కూ కళ్ళూ కారుతుంటాయి, ఎండాకాలంలో కూడా చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకుంటాయి, కనుపాపలు పెద్దవై ఉంటాయి, కాళ్ళు ఒక దగ్గర నిలవవు. ఈ లక్షణాలకు మార్కులు వేసి, తగినంత వచ్చాకే మాత్ర ఇస్తారు. తొందరపడి ముందే ఇస్తే, గ్రాహకాల మీద ఉన్న హెరాయిన్‌ను బ్యుప్రెనార్ఫిన్ ఒక్క పెట్టున నెట్టివేసి, తాను పాక్షికంగా మాత్రమే పనిచేస్తుంది. అప్పుడు అరగంటలోనే వాంతులు, విరేచనాలు, ఒళ్ళంతా విరిగిపోతున్న బాధ మొదలవుతాయి. ప్రాణం పోయే ప్రమాదం చాలా అరుదు. కానీ ఆ రోజు అంత నరకం చూసిన మనిషి మళ్ళీ ఆ గుమ్మం తొక్కడు, తోటివారికీ తొక్కవద్దనే చెబుతాడు. చికిత్సకు జరిగే నష్టం అదే.

మాత్రను నాలుక కింద పెట్టుకోవాలి, మింగకూడదు. మింగితే కాలేయం దానిని చాలా వరకు విరిచేస్తుంది. కరగడానికి ఐదు నుంచి పది నిమిషాలు పడుతుంది, చేదుగా ఉంటుంది, నోట్లో లాలాజలం ఊరుతుంటుంది, ఆ సేపు మాట్లాడకూడదు, టీ తాగకూడదు. చాలాచోట్ల నర్సు ఎదురుగా కూర్చోబెట్టి, చివరలో నాలుక పైకెత్తమని అడిగి, మాత్ర కరిగిందో లేదో చూసుకుంటుంది. మన దేశంలో 0.4, 2 మిల్లీగ్రాముల మాత్రలు వాడుకలో ఉన్నాయి. తొలిరోజు 2 నుంచి 4 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, ఒకటి రెండు గంటలు కూర్చోబెట్టి, బాధ ఎంత తగ్గిందో చూసి పెంచుతారు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2022లో ఇంకో హెచ్చరిక చేసింది: నోట్లో కరిగే ఈ మందు వల్ల కొందరిలో పళ్ళు పుచ్చుతున్నాయి. మాత్ర పూర్తిగా కరిగాక ఒక గుక్క నీళ్ళు నోట్లో తిప్పి మింగాలని, పళ్ళు తోముకోవడానికి కనీసం గంట ఆగాలని ఆ సంస్థ సూచించింది. పొద్దున మాత్ర వేసుకున్న వెంటనే బ్రష్ పట్టుకోవడం చాలా ఇళ్ళలో మామూలే కాబట్టి ఈ చిన్న సలహాను మందుల చీటీ మీదనే రాసి ఇవ్వడం మేలు.

మెథడోన్ తీరు వేరు. ఇది గ్రాహకాలను పూర్తిగానే పనిచేయిస్తుంది. న్యూయార్క్‌లో 1960ల నడుమ విన్సెంట్ డోల్, మేరీ నిస్వాండర్ దీనితో దీర్ఘకాలిక చికిత్స మొదలుపెట్టారు. బ్యుప్రెనార్ఫిన్‌కు లొంగని బలమైన వ్యసనంలో కూడా ఇది రోగిని చికిత్సలో నిలిపి ఉంచగలదు. అయితే ఊపిరిని అణచడంలో బ్యుప్రెనార్ఫిన్‌కు ఉన్నట్టు దీనికి పైకప్పు, అంటే ఒక స్థాయి దగ్గర ఆగే గుణం లేదు. శరీరంలో నెమ్మదిగా పేరుకుంటుంది కాబట్టి ఇవాళ వేసిన మోతాదు పూర్తి బలం నాలుగైదు రోజులకు గానీ బయటపడదు. రెండో రోజు చాలలేదనిపించి పెంచిన మోతాదు ఐదో రోజు నిద్రలో ఊపిరి ఆపవచ్చు. అందుకే 20–30 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు, తొలి రెండు వారాలు కంటికి రెప్పలా చూసుకుంటారు. గుండె విద్యుత్ లయలో క్యూటీ అనే విరామాన్ని ఇది పొడిగించగలదు కాబట్టి గుండె జబ్బు ఉన్నవారికి, కొన్ని ఇతర మందులు వాడేవారికి ఈసీజీ తీయించడం అవసరం. మన దేశంలో ఇది కొద్ది కేంద్రాల్లోనే దొరుకుతుంది. ఉత్తర తెలంగాణ రోగి ముందు ఉండే మాట ఎక్కువగా బ్యుప్రెనార్ఫినే.

ఇక్కడే కల్లు సంగతి వస్తుంది. చెట్టు నుంచి దింపిన కల్లు వేరు, మందు కలిపిన కల్లు వేరు. గీత కార్మికుల వృత్తిని ఇందులోకి లాగడం తగదు. కానీ నిజామాబాద్, కామారెడ్డి, మెదక్ వైపు కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డయాజెపామ్, క్లోరల్ హైడ్రేట్ కలుపుతున్నారన్నది ఎక్సైజ్ కేసుల్లో దశాబ్దాలుగా తేలుతున్న నిజం. 2015లో దాడులు పెరిగి ఒక్కసారిగా అలాంటి కల్లు దొరకకుండా పోయినప్పుడు ఎందరో మూర్ఛలతో, పిచ్చి చూపులతో ఆసుపత్రులకు చేరారు. 2020 లాక్‌డౌన్‌లో కల్లు దుకాణాలు మూసినప్పుడూ అదే జరిగింది. తాగేవారు తమకున్నది కల్లు అలవాటనుకుంటారు, నిజానికి శరీరం లొంగిపోయినది నిద్ర మాత్రకు. అల్ప్రాజోలం, డయాజెపామ్ బెంజోడయజెపైన్ వర్గానికి చెందినవి. ఊపిరి విషయంలో బ్యుప్రెనార్ఫిన్‌కు ఉన్న పైకప్పు వీటితో కలిసినప్పుడు పనిచేయదు. ఫ్రాన్స్‌లో బ్యుప్రెనార్ఫిన్‌తో ముడిపడిన మరణాలను పరిశీలించిన నిపుణులకు వాటిలో చాలా వాటిలో బెంజోడయజెపైన్లు కూడా కనిపించాయి. మాత్రను పొడిచేసి నరానికి ఎక్కించుకోవడం మరో కారణం.

దీని అర్థం వరంగల్ మానసిక వైద్య విభాగంలో రాసే మొదటి చీటీలోనే దేశంలోని ఇతర ప్రాంతాలకంటే ఒక ప్రశ్న ఎక్కువ అడగాలని. "మందు తాగుతవా?" అని అడిగితే సారా, బ్రాందీ గుర్తుకొచ్చి "లేదు సార్" అంటారు. కల్లు తాగడాన్ని తాగుడు కింద లెక్కపెట్టనివారు ఊళ్ళలో ఎందరో ఉన్నారు. పండుగకు, చావుకు, పెళ్ళికి ఆడవాళ్ళూ మగవాళ్ళూ కలిసి తాగేది అది. కాబట్టి ఏ దుకాణం కల్లు, రోజుకు ఎన్ని సీసాలు, ఒక్కరోజు తాగకపోతే చేతులు వణుకుతాయా, నిద్ర పడుతుందా అని విడివిడిగా అడగవలసి వస్తుంది. మూత్ర పరీక్షలో బెంజోడయజెపైన్ బయటపడినప్పుడు, నిద్ర మాత్ర ముట్టనే లేదని ఒట్టు పెట్టే రోగి అబద్ధమాడుతున్నాడని అనుకోనక్కరలేదు. అది నిన్నటి సాయంత్రం సీసాలోంచి వచ్చి ఉండవచ్చు. అలాగని అలాంటి రోగికి బ్యుప్రెనార్ఫిన్ నిరాకరించడమూ తప్పే. ఇలా కలిపి వాడటం ప్రమాదమని 2016లో గట్టిగా హెచ్చరించిన అమెరికా నియంత్రణ సంస్థే, ఆ కారణంతో వ్యసన చికిత్స మందును ఆపేయవద్దని 2017లో వివరణ ఇచ్చింది, చికిత్స లేకపోవడం వల్ల జరిగే హాని ఇంకా పెద్దదని. ఒక మందు మొదలుపెడుతూ, రెండోదాన్ని వారాల తరబడి మెల్లగా తగ్గిస్తూ, రెండు పనులూ ఒకే డాక్టరు చేతిలో ఉండటం సరైన దారి. రెంటినీ ఒకేసారి తెంచేస్తే మూర్ఛ వచ్చే ప్రమాదముంది. ట్రమడాల్ ఎక్కువ మోతాదులో వాడినవారిలో ఆ భయం మరీ ఎక్కువ, ఎందుకంటే ట్రమడాల్ దానంతటదే మూర్ఛ తెప్పించగలదు.

మూడో మందు నాల్‌ట్రెక్సోన్ అంటే కుటుంబాలకు సహజంగానే ఇష్టం. అది మత్తు కాదు, అలవాటు చేయదు, గ్రాహకాలకు తాళం వేస్తుంది. అది శరీరంలో ఉండగా హెరాయిన్ తీసుకున్నా ఏమీ అనిపించదు. ఇంతకంటే ఏం కావాలని అనిపిస్తుంది. చిక్కేమిటంటే అది మొదలుపెట్టడానికి ముందు ఏడు నుంచి పది రోజులు ఏ ఓపియాయిడూ ముట్టకుండా ఉండాలి, ఆ పది రోజులు దాటలేకనే కదా మనిషి చికిత్సకు వచ్చింది. అమెరికాలో నెలకోసారి వేసే నాల్‌ట్రెక్సోన్ ఇంజెక్షన్‌ను బ్యుప్రెనార్ఫిన్‌తో పోల్చిన అధ్యయనం 2018లో వచ్చింది. నాల్‌ట్రెక్సోన్ వర్గంలో 28 శాతం మంది అసలు మొదటి ఇంజెక్షన్ దాకానే చేరలేకపోయారు, బ్యుప్రెనార్ఫిన్ వర్గంలో మొదలుపెట్టలేకపోయినవారు 6 శాతమే. మొదలుపెట్టగలిగిన వారిలో రెండూ ఇంచుమించు సమానంగా పనిచేశాయి. మాత్రల రూపంలో అయితే ఇంట్లో ఎవరైనా రోజూ దగ్గరుండి వేయించకపోతే చాలామంది కొద్ది వారాల్లోనే మానేస్తారు. మానేసిన మనిషి శరీరం అప్పటికి మత్తును తట్టుకునే శక్తి పూర్తిగా పోగొట్టుకుని ఉంటుంది.

ఆ తట్టుకునే శక్తి పోవడమే మానేసే రోజు దగ్గరున్న ప్రమాదం. లండన్‌లో ఆసుపత్రిలో చేరి మత్తు విరగ్గొట్టించుకున్న 137 మందిని గమనించిన అధ్యయనం 2003లో వచ్చింది. ఏడాదిలో ఐదుగురు చనిపోయారు. వారిలో ఓవర్‌డోస్‌తో నాలుగు నెలల్లోపే చనిపోయిన ముగ్గురూ కోర్సును విజయవంతంగా పూర్తి చేసినవారే. నడుమలో వెళ్ళిపోయినవారిలో ఒక్కరూ ఓవర్‌డోస్‌తో పోలేదు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో జైలు నుంచి విడుదలైనవారిలో తొలి రెండు వారాల్లో ఓవర్‌డోస్ మరణం ముప్పు సాధారణ జనంతో పోలిస్తే 129 రెట్లు ఉన్నట్టు 2007లో ప్రచురితమైన అధ్యయనం తేల్చింది. ఈ లెక్కలను మన ఊరి దృశ్యంలో పెట్టి చూడాలి. రోజుకు ఇరవై మాత్రలకు చేరిన కుర్రవాణ్ణి ఇంటివాళ్ళు అప్పు చేసి ఏదో ఒక రిహాబ్ సెంటర్‌లో మూడు నెలలు ఉంచుతారు. తలుపులకు తాళాలు, ఫోన్ లేదు, మందు లేదు. మూడు నెలల తరువాత బరువు పెరిగి, మొహం తేటపడి ఇంటికొస్తాడు, తల్లి గుడిలో కొబ్బరికాయ కొడుతుంది. వారం తరువాత పాత దోస్తు కలిస్తే పాత లెక్కనే వేసుకుంటాడు. శరీరం మాత్రం కొత్తది. మూడు నెలలు ఏ మందూ ఇవ్వకుండా ఉంచి, బయటికి పంపేటప్పుడు ఈ సంగతి ఇంటివాళ్ళకు చెప్పని కేంద్రం ఎంత క్రమశిక్షణతో నడిచినా తన పని సగమే చేసినట్టు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఇలాంటి కేంద్రాలు నమోదు చేసుకుని ఉండాలి. చేర్చే ముందు ఆ రిజిస్ట్రేషన్ కాగితం చూపించమని అడిగే హక్కు కుటుంబానికి ఉంది. అక్కడికి మానసిక వైద్యుడు వస్తాడా, బయటికి వచ్చాక మందు కొనసాగుతుందా అన్నవి అడగవలసిన తరువాతి ప్రశ్నలు.

ఓపియాయిడ్ ఎక్కువై పడిపోయిన మనిషి గుర్తులు మూడు: పిలిచినా గిచ్చినా లేవకపోవడం, కనుపాపలు సూదిమొనంత చిన్నవి కావడం, ఊపిరి నెమ్మదించి గురక పెడుతున్నట్టు వినిపించడం. నిద్రపోతున్నాడులే అని దుప్పటి కప్పి వదిలేసిన రాత్రుల్లోనే మరణాలు జరుగుతాయి. 108కు ఫోన్ చేసి, ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఏం వేసుకున్నాడో దాచకుండా చెబితే నలాక్సోన్ అనే విరుగుడు ఇంజెక్షన్ నిమిషాల్లో ఊపిరిని వెనక్కి తేగలదు. దాని ప్రభావం గంట, గంటన్నరకు మించదు కాబట్టి లేచి కూర్చున్నాడని వెంటనే ఇంటికి తీసుకుపోకూడదు.

ఈ మందుల మీద ప్రభుత్వానికి ఉన్న అనుమానం ఊరికే పుట్టలేదు. 1990ల్లో మన దేశంలో నొప్పికి అమ్మిన బ్యుప్రెనార్ఫిన్ ఇంజెక్షనే మత్తుగా మారింది. దానిని అలర్జీకి వాడే ఫెనిరమిన్‌తో, డయాజెపామ్‌తో కలిపి నరాలకు ఎక్కించుకున్నవారు అనేక నగరాల్లో కనిపించారు. అందుకే ఇది మత్తు పదార్థాలను కట్టడి చేసే ఎన్‌డీపీఎస్ చట్టం కింద సైకోట్రోపిక్ (మనసు మీద పనిచేసే) పదార్థాల జాబితాలో ఉంది. మందుల షాపులో ప్రతి చీటీ వివరాలూ షెడ్యూల్ హెచ్-1 రిజిస్టరులో రాసి మూడేళ్ళు భద్రపరచాలి. ట్రమడాల్‌ను కూడా 2018లో ఎన్‌డీపీఎస్ కిందకు తెచ్చారు. దుర్వినియోగానికి ఒక అడ్డుకట్టగా బ్యుప్రెనార్ఫిన్‌లో నాలుగింట ఒక వంతు నలాక్సోన్ కలిపిన మాత్రలు తయారుచేస్తారు. నాలుక కింద పెట్టుకుంటే నలాక్సోన్ దాదాపుగా ఒంటికి పట్టదు, అదే మాత్రను నీళ్ళలో కరిగించి నరానికి ఎక్కిస్తే విత్‌డ్రాయల్ తెప్పిస్తుంది. ఇది పూర్తి రక్షణ కాదు గానీ మంచి రక్షణే.

కట్టుదిట్టానికి ధర ఉంటుంది, దానిని చెల్లించేది రోగి. ఇంజెక్షన్లతో మత్తు తీసుకునేవారి కోసం జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) నడిపించే కేంద్రాల్లో మందు ఉచితం, కానీ మొదట్లో రోజూ వచ్చి నర్సు ఎదుటే వేసుకోవాలి. హనుమకొండలో ఉన్నవారికి అది పొద్దున ఒక పని. ములుగు నుంచి రావాలంటే దాదాపు 50 కిలోమీటర్లు, భూపాలపల్లి నుంచి అంతకంటే ఎక్కువ. పొద్దు పొడవక ముందే బస్సెక్కి, వరుసలో నిలబడి, తిరిగి చేరేసరికి కూలి పోతుంది. తోడు వచ్చే తల్లికి ఆర్టీసీలో టికెట్ ఉండదు, కొడుక్కి ఉంటుంది. ఇలా నెల తిరక్కుండానే మానేసినవారిని "మనసు గట్టిది కాదు" అని తేల్చేయడం అన్యాయం. పంజాబ్ 2017 అక్టోబరు నుంచి ప్రభుత్వ అవుట్‌పేషెంట్ క్లినిక్‌ల వరుసను తెరిచి ఈ దూరాన్ని తగ్గించే ప్రయత్నం చేసింది. 2020 కోవిడ్ కాలంలో దేశమంతటా కుదురుకున్న రోగులకు కొన్ని రోజుల మాత్రలు ఇంటికి ఇవ్వడం మొదలైంది. జిల్లా ఆసుపత్రి స్థాయిలోనే ఈ మందు దొరికి, కుదురుకున్నాక వారానికోసారి ఇంటికిచ్చే ఏర్పాటు ఉంటే చికిత్సలో నిలిచేవారు పెరుగుతారు. ఇంటికి ఇచ్చిన మాత్రలు మాత్రం తాళం వేసిన డబ్బాలో ఉండాలి. పెద్దవారికి మామూలు మోతాదైన మాత్ర చిన్నపిల్ల నోట్లో పడితే ప్రాణం తీయగలదు.

చట్టం విషయంలో ఉన్న భయం కూడా చాలామందిని వెనక్కి లాగుతుంది. చికిత్సకు వెళితే పోలీసులకు పేరు పోతుందని, ఉద్యోగానికి, గల్ఫ్ ప్రయాణానికి అడ్డమవుతుందని అనుకుంటారు. ఎన్‌డీపీఎస్ చట్టంలోని 64-ఏ సెక్షన్, వాడకం లేదా చిన్న పరిమాణం కేసులో ఉన్న వ్యసనపరుడు తానుగా గుర్తింపు పొందిన కేంద్రంలో చికిత్సకు ముందుకొస్తే విచారణ నుంచి రక్షణ ఇస్తుంది. చికిత్స పూర్తి చేయకపోతే ఆ రక్షణ పోవచ్చు. 14446 అనే జాతీయ ఉచిత నంబరుకు ఫోన్ చేస్తే దగ్గరి కేంద్రం వివరాలు చెబుతారు. గల్ఫ్ పోయే కార్మికుల విషయం వేరుగా చెప్పుకోవాలి: ఈ మందులు వెంట తీసుకుపోవడం అక్కడి దేశాల చట్టాల్లో పెద్ద నేరం కావచ్చు, కాబట్టి ప్రయాణం ఖరారు కాకముందే డాక్టరుకు చెప్పడం తప్పనిసరి.

మిగతా దుష్ప్రభావాలు ఓర్చుకోదగినవే. మలబద్ధకం, చెమటలు, కొందరిలో నిద్రమత్తు, లైంగికాసక్తి తగ్గడం వంటివి డాక్టరుతో మాట్లాడితే చాలా వరకు సర్దుకుంటాయి. గర్భిణి విషయంలో మాత్రం ఇంటి పెద్దల సహజ ఆలోచన తలకిందులవుతుంది. కడుపులో బిడ్డ ఉంది కాబట్టి అన్ని మందులూ ఆపెయ్యమంటారు. ఒక్కసారిగా ఆపితే విత్‌డ్రాయల్ వల్ల గర్భానికి ముప్పుంది, మళ్ళీ మత్తులో పడే ప్రమాదం ఇంకా పెద్దది. గర్భిణికి మెథడోన్ లేదా బ్యుప్రెనార్ఫిన్ కొనసాగించడమే ప్రపంచమంతటా అంగీకరించిన పద్ధతి. పుట్టిన బిడ్డలో కొద్దిరోజులు విత్‌డ్రాయల్ లక్షణాలు కనిపించవచ్చు. వాటికి వైద్యం ఉంది, తల్లిపాలు మానాల్సిన అవసరం సాధారణంగా రాదు.

ఇక "ఎన్ని దినాలు" అన్న ప్రశ్న. ఇంత కాలానికి తప్పక ఆపాలనే గడువు ఏదీ లేదు. కొన్ని వారాల్లో ముగించిన చికిత్స తరువాత చాలామంది మళ్ళీ మొదలుపెడతారన్నది పదేపదే తేలింది. పని కుదిరి, ఇంట్లో మాట నిలిచి, నెలల తరబడి యావ లేకుండా ఉన్న మనిషి తానే తగ్గిద్దామని అడిగితే తగ్గించవచ్చు. మామ అడిగాడని, పెళ్ళి కుదిరిందని తగ్గించకూడదు. తగ్గించేటప్పుడు 8 నుంచి 4కు దిగడం కంటే 2 మిల్లీగ్రాముల నుంచి సున్నాకు దిగడమే కష్టం. అక్కడ 0.4 మిల్లీగ్రాముల మాత్ర పనికొస్తుంది, ఒక్కో మెట్టు మీద వారాలు ఆగవలసి రావచ్చు, నిద్ర పట్టకపోతే ఒక మెట్టు వెనక్కి ఎక్కవచ్చు. పూర్తిగా ఆపిన తరువాత కూడా మూడు నాలుగు నెలలు నెలకోసారి వచ్చి కనిపించమని చెప్పే డాక్టరు రోగిని అనుమానిస్తున్నాడని అనుకోకూడదు; లండన్‌లో ముగ్గురు పోయినది ఆ నెలల్లోనే. నడుమ ఎప్పుడైనా కాలు జారితే అదే రోజు తిరిగి రావాలి, సిగ్గుతో వారం ఆగకూడదు. వచ్చినప్పుడు పాత చీటీ మీదున్న మోతాదును ఇంట్లోనే మళ్ళీ మొదలుపెట్టకూడదు. మెథడోన్ నాలుగైదు రోజులు తప్పినా మోతాదు తగ్గించి ఎక్కించుకు రావాలి. బ్యుప్రెనార్ఫిన్ అయితే, గతంలో రోజుకు 16 మిల్లీగ్రాములు వాడిన మనిషైనా సరే, ఆవలింతలు వచ్చేదాకా ఆగి, నర్సు ఎదుట కూర్చుని, నాలుక కింద పెట్టే తొలి చిన్న మాత్రతోనే మళ్ళీ మొదలుపెట్టాలి.